అలకపాన్పు ఎక్కిన జీఎఫ్‌పీ గారికి

మహారాజశ్రీ జీఎఫ్‌పీ గారికి నమస్కారాలు. నీలి వెలుగు పడితే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ కదా మీరు, క్షేమమని తలుస్తాను. నా కణాలు మాత్రం పోయాయి.

నిన్న మధ్యాహ్నం 2 నుంచి 6 దాకా కాన్ఫోకల్ మైక్రోస్కోపు స్లాట్ నాది. రెండు వారాలు ఆగితే దొరికింది. 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మీ వెలుగుకి అడ్డం రాకుండా ఫినాల్ రెడ్ రంగు లేని మీడియం (కణాలు పెరిగే ద్రవం)... కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. ఏసీ ఆన్ అయినప్పుడల్లా ఫోకస్ జారిపోయింది, సాఫ్ట్‌వేర్ ఒకసారి హ్యాంగ్ అయింది. సరే, అవి మామూలే.

మిమ్మల్ని హిస్టోన్‌కి (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్‌కి) తగిలించిన హీలా కణం (ల్యాబులో పెంచే మనిషి క్యాన్సర్ కణం) రెండుగా విడిపోతుందని మూడు గంటలు కళ్లు కాయలు కాచేలా చూశాను. ఎట్టకేలకు క్రోమోజోములు నడిమధ్యన వరుస కట్టాయి. ఇక చెరో పక్కకి లాగడమే తరువాయి. సరిగ్గా అప్పుడు ఆరిపోయారు!

ఏం కావాలంటే అల్లుడైనా నోరు విప్పి చెబుతాడు. మీకేం కావాలో తెలియక మిమ్మల్ని వెలిగించే నీలి లేజర్ (488 నానోమీటర్లది) పెంచాను. మీరు ఇంకా ఆరిపోయారు. కణం ఒళ్లంతా బొబ్బలెక్కి చచ్చింది. తగ్గిస్తే స్క్రీన్ నిండా ఇసుక జల్లినట్టు నాయిస్. వెలుగు పడితేనే కనబడతారు, వెలుగు పడితేనే పోతారు. ఇదేం న్యాయమండీ?

ఇక మర్యాద నా వల్ల కాదు. అసలు నీకిది పుట్టుబుద్ధి. 1992లో నీ జన్యువుని క్లోన్ చేసి, అడిగినవాళ్లకి పంచిపెట్టిన డగ్లస్ ప్రాషర్‌ని ఏం చేశావు? 2008లో నీ పేరు మీద ముగ్గురికి నోబెల్ వచ్చేనాటికి ఆయన అలబామాలో కార్ల షోరూం వ్యాన్ నడుపుతున్నాడు. అవసరానికి ముఖం చాటేయడం నీకు కొత్తా?

కానీ ఏం చేస్తాను. నువ్వు రాకముందు లోపలి ప్రోటీన్‌ని చూడాలంటే చాలాసార్లు ముందు కణాన్ని చంపాల్సి వచ్చేది. నిన్న నేనూ చంపాననుకో, అది వేరే సంగతి.

గురువారం రాత్రి 11కి ఎవరో స్లాట్ వదులుకుంటే పట్టుకున్నాను. లేజర్ 2 శాతం దాటించను. అయిదు నిమిషాలకోసారే ఫొటో తీస్తాను. ఆ విడిపోయే పది నిమిషాలు ఉండు చాలు. రెండు ఫొటోలొస్తాయి.

ఇట్లు,
చీకటి గదిలో నీ మామగారు