ఓటు లేని కుర్చీలో జడ్జిగారు

జాయిస్ బామ్‌ఫర్డ్-అడో గురించి ఎవరు రాసినా ‘తొలి మహిళ’తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1991లో ఘనా సుప్రీంకోర్టుకు తొలి మహిళా జడ్జి, 2009లో అక్కడి పార్లమెంటుకు తొలి మహిళా స్పీకర్. గొప్పే, కాదనను. కానీ నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది: ఆవిడ ఎంపీ కాకుండానే స్పీకర్ అయ్యారు.

ఘనా 1992 రాజ్యాంగంలో ఆ వెసులుబాటు ఉంది. ఎంపీగా పోటీ చేసే అర్హత ఉంటే చాలు, స్పీకర్ కావచ్చు. ఎంపీనే ఎన్నుకుంటే ఆయన తన సీటు వదులుకోవాలి. ఇంకా ముఖ్యమైనది, స్పీకర్‌కు ఓటే లేదు. రెండు వైపులా సమానంగా ఓట్లు పడితే తీర్మానం వీగిపోయినట్టే, కుర్చీలో ఉన్నవాళ్లు గట్టెక్కించే పని లేదు. ఈ రాజ్యాంగం రాసిన కన్సల్టేటివ్ అసెంబ్లీని నడిపినవాళ్లలో ఆవిడా ఒకరు, కాబట్టి ఆ కుర్చీకి ఏముందో ఏం లేదో ఆవిడకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

ఓటు లేకపోతే ఏంటంట అనేవాళ్లు 2021 డిసెంబర్ 20 రాత్రి ఘనా పార్లమెంటులో ఏం జరిగిందో చూడాలి. సభలో ప్రతిపక్షం ఎన్‌డీసీకి 137, అధికార పార్టీ ఎన్‌పీపీకి 137, ఒక్కరు ఇండిపెండెంట్. మొబైల్ మనీ మీద పన్ను బిల్లు వచ్చింది. ఆ రాత్రి సభ నడుపుతున్న డిప్యూటీ స్పీకర్ (ఈయన ఎంపీనే, అధికార పార్టీ మనిషే) కుర్చీ ఇంకొకరికి అప్పగించి తానూ ఓటేస్తాననేసరికి ఎంపీలు కొట్టుకున్నారు, అక్షరాలా పిడిగుద్దులే. తర్వాత 2022 మార్చిలో సుప్రీంకోర్టు డిప్యూటీలకు ఓటు ఉంటుందని తేల్చింది. చట్టం ప్రకారం సరే, కానీ అంపైరే బ్యాట్ పట్టుకుని క్రీజులోకి వస్తే ఎదుటి జట్టు ఊరుకుంటుందా?

ఆవిడ హయాంలో ఒక రోజు చూడండి. 2012 జులై 24న అధ్యక్షుడు జాన్ అట్టా మిల్స్ పదవిలో ఉండగానే చనిపోయారు. కొన్ని గంటల్లోనే పార్లమెంటు సమావేశమైంది, ఉపాధ్యక్షుడు మహామా చేత చీఫ్ జస్టిస్ జార్జినా వుడ్ ప్రమాణం చేయించారు, ఆ రాత్రికి దేశానికి కొత్త అధ్యక్షుడు ఉన్నాడు. తిరుగుబాట్లు అలవాటైన పశ్చిమాఫ్రికాలో ఇది చిన్న విషయమేమీ కాదు.

ఆవిడ ఎన్‌డీసీ మనిషే కదా అంటారు. వాళ్ల దగ్గర సరుకు లేకపోలేదు. ఎన్‌డీసీ స్థాపకుడు రాలింగ్స్ 1981లో తిరుగుబాటు చేసిన డిసెంబర్ 31ని ప్రభుత్వం పండగలా జరపడం మీద వచ్చిన కేసులో ఆయన ప్రభుత్వం ఓడిపోతే ఆవిడ అసమ్మతి తీర్పు రాశారు. 2002లో ఫాస్ట్ ట్రాక్ కోర్టు చెల్లదన్న 5-4 తీర్పులో మెజారిటీ వైపు ఉన్నారు, లాభపడింది ఆ కోర్టులో విచారణ ఎదుర్కొంటున్న రాలింగ్స్ హయాం నాటి పెద్దమనిషి. చివరికి స్పీకర్‌ను చేసిందీ ఎన్‌డీసీనే. ఒప్పుకుందాం. మొగ్గు లేని మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఓటు లేదు, కాపాడుకోవాల్సిన నియోజకవర్గం లేదు, వచ్చే ఎన్నికల టికెట్ టెన్షన్ లేదు. అలాంటప్పుడు ఆ మొగ్గు చేయగల నష్టం చాలావరకు తగ్గిపోతుంది, నేననేది అంతే.

2013 తర్వాత ఘనా కూడా ఆ కుర్చీని రాజకీయ నాయకులకే ఇస్తూ వస్తోంది. 2024లో స్పీకర్ బాగ్బిన్ ఫిరాయింపు పేరుతో నాలుగు సీట్లు ఖాళీ అని ప్రకటిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ తొందర ఎక్కువైంది. మన దగ్గర ఫిరాయింపుల పిటిషన్లదీ అదే జబ్బు, కాకపోతే తిరగబడి, ఇక్కడ జాప్యం: రాజ్యాంగంలో ఫిరాయింపుల సంగతి చూసే పదో షెడ్యూల్ కింద తీర్పు చెప్పాల్సిన స్పీకర్ ఏదో ఒక పార్టీ టికెట్ మీద గెలిచిన ఎమ్మెల్యేనే. పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల విషయం మూడు నెలల్లో తేల్చండి అని 2025 జులైలో సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు గడువు పెట్టాల్సి వచ్చింది. రిటైరైన జడ్జిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలంటే మన రాజ్యాంగం ఒప్పుకోదు, సభ్యుల్లోంచే ఎన్నుకోమంటుంది. కనీసం ఫిరాయింపుల ఫైలైనా ఆ కుర్చీ నుంచి తీసేయడానికి ఏ పార్టీకి అభ్యంతరమో బయటికొచ్చి చెప్పమనండి.