పెద్దమ్మ వేలు, పెళ్లి వీడియో

చెల్లి పెళ్లి వీడియోని ఫొటోగ్రాఫర్ హార్డ్ డిస్క్‌లో వేసిచ్చాడు. ల్యాప్‌టాప్ రిపేరులో ఉంది, టీవీ పాతది. ట్యాబ్‌కే తగిలిద్దామని బజారుకెళ్లి, రెంటినీ కలిపే ఓ హబ్ కొన్నాను. "అన్నీ పనిచేస్తాయి సార్" అన్నాడు షాపతను, డబ్బా కూడా తెరవకుండా.

బంధువులంతా పకోడీల పళ్లెం చుట్టూ చేరాక డిస్క్ గుచ్చాను. లైటు వెలిగింది. టిక్ మంది. కాస్త ఆగి మళ్లీ టిక్. "బల్లి పలికింది, శుభం" అంది పెద్దమ్మ. బల్లి కాదు, నా ఖర్మ. పెన్‌డ్రైవ్ అయితే ట్యాబ్ ఇచ్చే కరెంటుతో సరిపెట్టుకుంటుంది గానీ ఈ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దానికి చాలక లేవబోయి కూలబడుతోంది. హబ్‌కి పక్కనున్న కన్నంలో చార్జర్ పెడితేనే లేస్తుందని ఆ మహానుభావుడు ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?

చార్జర్ పెట్టాక డిస్క్ గిర్రున తిరిగింది. వెంటనే స్క్రీన్ మీద ఓ మెసేజ్: ఈ డ్రైవ్ ఈ ట్యాబ్‌కి పడదట, సెటప్ చేయడానికి నొక్కమట. ఫొటోగ్రాఫర్ డిస్క్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ వాళ్ల పద్ధతిలో సర్ది ఇచ్చాడు, నా ట్యాబ్‌కి అది చదవడం రాదు. ఇక్కడ సెటప్ అంటే ఫార్మాట్, అంటే తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా సాంతం తుడిచిపెట్టడం. ఆ మాట సూటిగా రాయడానికి వాళ్లకి నోరు రాలేదు, ఏదో కొత్త కాపురం పెట్టిస్తున్నట్టు సెటప్ అన్నారు.

పెద్దమ్మ వేలు అప్పటికే గాల్లో ఉంది. ఫోన్లో ఏది అడిగినా ఓకే కొట్టే వేలది, ఆవిడ ఫోన్‌కి రోజూ రాశిఫలాలు రావడానికి కారణం అదే. కళ్లజోడు సర్దుకుని "సె... ట... ప్" అని కూడబలుక్కుంటోంది. బావ ఊరుకోవచ్చుగా, "అంత మర్యాదగా అడుగుతోంది, నొక్కేయండి అత్తయ్యా" అన్నాడు. వేలు దిగుతోంది. నేను "వద్దూ" అని అరిచి హబ్‌ని ఒక్క లాగు లాగాను. డిస్క్ బావ ఒళ్లో పడింది, హబ్ ఎగిరి పకోడీల్లో దిగింది.

వీడియో సంగతి తర్వాత. పొద్దున్నే హబ్ తిరిగిచ్చేద్దామని షాపుకెళ్తే అతను అటూ ఇటూ తిప్పి, వాసన కూడా చూసి, "నూనె మరక ఉంది సార్, రిటర్న్ తీసుకోం" అన్నాడు.