ల్యాప్‌టాప్ వారి దేశాటన

నెలల తరబడి సాగే ప్రయాణానికి బయలుదేరే మనిషి, తన వెంట ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్తున్నానని చెప్పుకోవడం మర్యాద కోసం ఆడే అబద్ధం. నిజానికి దేశాటనకు వెళ్లేది ల్యాప్‌టాపే. దాని అడుగులకు మడుగులొత్తడానికి, వాన పడితే తాను తడిసి దాన్ని కాపాడడానికి, రాత్రిళ్లు బ్యాగు పట్టీని కాలికి చుట్టుకుని కునుకు తీయడానికి ఒక మనిషి అవసరం గనుక ఆయన కూడా టికెట్టు కొనుక్కుంటాడు.

ఈ ఏర్పాటుకు విమానయాన నిబంధనలు కూడా వత్తాసు పలుకుతాయి. పవర్ బ్యాంకులను, విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో వేయకూడదు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి. ల్యాప్‌టాప్‌ను సైతం చేతి సామానులోనే ఉంచుకోమంటారు. 2017 మార్చిలో అమెరికా, కొన్ని విమానాశ్రయాల నుంచి తన దేశానికి వచ్చే ప్రయాణికులు ఫోన్ కంటే పెద్ద పరికరాలను క్యాబిన్‌లోకి తేరాదని ఆంక్ష విధించి, జూలై నాటికి ఎత్తివేసింది. ఆ నాలుగు నెలల విరహాన్ని సేవకులు ఎలా భరించారో చరిత్రకారులెవరూ పట్టించుకోకపోవడం విచారకరం.

ఇక తాళాల సంగతి. వేలెడంత తాళాన్ని జిప్పుకు వేసి, రెండుసార్లు లాగి చూసి నిశ్చింతగా నిట్టూర్చే పెద్దమనిషికి, బాల్‌పెన్ మొనతో జిప్పు పళ్లను విడదీసి, పని ముగిశాక మళ్లీ మూసేయవచ్చన్న విషయం చెప్పడం పాపమే. అమెరికా విమానాశ్రయ భద్రతాధికారులు తెరవగలిగేలా చేసిన సామాను తాళాలదైతే మరీ ఘనమైన కథ: వాటి మాస్టర్ తాళంచెవుల ఫొటో 2014లో ఒక దినపత్రికలో అచ్చయింది, మరుసటి ఏడాదికల్లా వాటిని త్రీడీ ప్రింటర్‌పై తయారుచేసుకునే నమూనాలు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాయి.

అయితే ఇంత కాపలా రేకు పెట్టెకే పరిమితం కావడంలో ఒక గొప్ప నిస్స్వార్థం ఉంది. లోపలి ఫైళ్లను పరాయివాళ్లు చదవలేని గుప్త రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడానికి విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ వంటి సదుపాయాలు ఏళ్ల తరబడి ఉన్నా, వాటిని ఆన్ చేయడానికి తీరిక దొరకదు. ఒకవేళ దొరికినా, పాస్‌వర్డ్ పనిచేయనప్పుడు ఆ ఫైళ్లను తెరిచే రికవరీ కీని చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ల్యాప్‌టాప్ కవరు జేబులోనే భద్రపరుస్తారు. బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా అదే బ్యాగులో, ల్యాప్‌టాప్‌ను ఆనుకునే ఉంటుంది. దొంగ రెండుసార్లు శ్రమపడకూడదన్న సౌజన్యం కాబోలు. పోయిన పరికరాన్ని వెతికే సదుపాయం ఉన్నా, దాన్ని పోకముందే ఆన్ చేసి ఉంచాలన్న షరతు మాత్రం అందరికీ పోయాకే తెలుస్తుంది.

చివరకు ఫిర్యాదు రాసుకునే అధికారి సీరియల్ నంబరు అడుగుతాడు. అది ఎక్కడుందో యజమానికి బాగా తెలుసు: ల్యాప్‌టాప్ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. బీమా సంస్థ కొనుగోలు రసీదు అడుగుతుంది. అదీ భద్రంగానే ఉంది, అదే ల్యాప్‌టాప్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో.