గీజర్ వెలగకపోతే సెన్సర్ తీగలు కలిపేస్తారా?

చలికాలం వచ్చిందంటే గ్యాస్ గీజర్లు మొరాయించడం మొదలు. మెకానిక్ వస్తాడు, మూత విప్పుతాడు, "సర్క్యూట్ పోయిందండీ" అంటాడు. చాలాసార్లు పోయేది సర్క్యూట్ కాదు, అడుగున ఉండే రెండు 1.5 వోల్టుల లావు సెల్లులు. కరెంటు అక్కర్లేని ఈ గీజర్లలో నిప్పురవ్వ పుట్టించేదీ, గ్యాస్ వాల్వును తెరిచి ఉంచేదీ అవే. సెల్లుల డబ్బా తెరిచి చూడండి. ఆవిరికి స్ప్రింగుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. దాన్ని గీకి, కొత్త సెల్లులు వేశాకే మిగతా మాట.

కుళాయి తిప్పగానే టిక్ టిక్ వినబడుతోందా? కొత్త సెల్లులు వేసినా చప్పుడే లేకపోతే నీటి ఒత్తిడి చాలడం లేదేమో చూడాలి. నీళ్లు తోస్తేనే లోపలి రబ్బరు పొర కదిలి స్విచ్ నొక్కుతుంది. ట్యాంకు నీటిమట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే దక్కేది దాదాపు 1 బార్ ఒత్తిడి. ట్యాంకు కిందనే ఉన్న పై అంతస్తుకు అందులో ఎంత మిగులుతుంది? దానికి తోడు బోరు నీళ్లు. నీళ్లు లోపలికి వెళ్లేచోట ఉండే చిన్న జాలీ విప్పితే ఇసుక, తెల్లటి ఉప్పు పెచ్చులు రాలతాయి. టిక్ టిక్ వస్తున్నా మంట రాకపోతే సిలిండర్, రెగ్యులేటర్ చూసుకోవాలి. గ్యాస్ వాసన వస్తే మాత్రం మళ్లీ ప్రయత్నించకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

నా కోపమంతా దీని గురించే: మా ఇంటికి వచ్చిన మెకానిక్ వేడి మితిమీరితే గ్యాస్ ఆపే సెన్సర్ తీగలు రెండూ కలిపి, టేపు చుట్టి, "ఇక ఆగదండీ" అన్నాడు. ఆగాల్సినప్పుడు ఆగడానికే కదా ఆ సెన్సర్ పెట్టింది! అప్పటికప్పుడు ఆ టేపు విప్పించి, సెన్సర్ మార్పించాను.

మంట అంటుకుని వెంటనే ఆరిపోతుంటే ఇంకా జాగ్రత్త. మూసిన స్నానాల గదిలో గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. సిలిండర్ గ్యాస్‌లో ఘాటు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా ఉండదు, రంగూ ఉండదు. తల తిరుగుతోందని తెలిసేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. ఇలా మనుషులు చనిపోయిన వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు?

అయినా అద్దె ఇళ్లలో గీజర్‌ను స్నానాల గదిలోనే బిగిస్తున్నారు. గాలి ఆడే బాల్కనీలో పెట్టి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి లాగవచ్చు. గోడకు ఒక రంధ్రం, కొన్ని అడుగుల పైపు. ఆ ఖర్చు ఇంటి యజమానే పెట్టుకోవాలి, అదీ అద్దెకున్నవాళ్లు అడగకముందే.