పరీక్ష సరే, కళ్ళద్దాల మాటేమిటి?

బ్రిటన్‌లో మన పిల్లలకు పదహారేళ్ళ లోపు కంటిపరీక్ష ఉచితం, కళ్ళద్దాలకు వోచరూ వస్తుంది. ఈ వెసులుబాటు ఎన్ని దశాబ్దాలు తడబడుతూ వచ్చిందో తెలిస్తే, స్వదేశంలోని మన ఊళ్ళలో ఇక్కడి తెలుగు సంఘాలు నడిపే నేత్రశిబిరాలను మరో దృష్టితో చూస్తాం.

దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధకాలంలో (1899–1902) సైన్యంలో చేరవచ్చిన యువకులు ఎందరో దేహదారుఢ్యం లేక వెనుదిరగడంతో పాలకులకు కలవరం పుట్టి, 1907లో బడిపిల్లలకు వైద్యపరీక్షలు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. (పసివాళ్ళ మీది జాలి కన్నా పటాలాల మీది బెంగే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.) అయితే ఆ చట్టం పరీక్షను విధిగా చేసి, చికిత్సను మాత్రం స్థానిక విద్యాధికారుల ఇష్టానికి వదిలేసింది. పిల్లవాడికి చూపు ఆనడం లేదని వైద్యుడు తేల్చి చెప్పినా, వారం కూలి అద్దెకూ తిండికీ చాలని ఇంట్లో అద్దాలు కొనేదెవరు? 1909 నాటి చట్టమైతే, బొత్తిగా కట్టలేని వారిని మినహాయించి, చికిత్స ఖర్చును తల్లిదండ్రుల నుంచే రాబట్టమంది. ప్రాథమిక పాఠశాలల పిల్లలకు చికిత్స ఏర్పాటు చేయడం 1918లో గానీ విధి కాలేదు. కళ్ళద్దాలు అందరికీ ఉచితంగా దొరకడానికి 1948లో జాతీయ ఆరోగ్య సేవ రావలసి వచ్చింది. మూడేళ్ళు తిరగకుండానే అద్దాలకూ కట్టుడుపళ్ళకూ రుసుము పెట్టబోతే, ఆ సేవను నెలకొల్పిన ఎన్యూరిన్ బెవన్ మంత్రిపదవికి రాజీనామా చేశారు.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘కంటి వెలుగు’ పథకాలు పరీక్షతో పాటు అద్దాలనూ చేర్చాయి. ఆంధ్రలో తొలి దశ బడిపిల్లలకే కేటాయించారు. మన సంఘాల శిబిరాల్లో చాలావాటికి ఆ పాటి చూపు లేదు. బ్యానరు కట్టి, ఫొటోలు దిగి, ఎన్ని వందల మందిని పరీక్షించామో సంచికలో అచ్చువేసుకుంటాం. అద్దాలు ఎందరికి అందాయో, అందినవారిలో ఎందరు పెట్టుకుంటున్నారో ఎక్కడా రాయం. ‘సోడాబుడ్డి’ అని తోటివాళ్ళు వెక్కిరిస్తారని పిల్లలు అద్దాలను సంచిలో దాచేస్తారు, పెళ్ళి కుదరదేమోనని ఆడపిల్లల చేత తీయించే తల్లిదండ్రులూ ఉన్నారు. పైగా ఎదిగే వయసులో పవరు మారుతుంటుంది, ఫ్రేములు విరుగుతుంటాయి.

అందువల్ల వచ్చే ఏడాది శిబిరాల సంఖ్య సగానికి తగ్గించి, మిగిలిన సొమ్మును అద్దాలకూ, విరిగినవాటి బదులు కొత్తవాటికీ కేటాయించాలని, అద్దాలు పొందిన పిల్లల జాబితా వారి ఉపాధ్యాయుల దగ్గర ఉంచి, ఆరు నెలలకొకసారి ఎందరు పెట్టుకుంటున్నారో లెక్క తెప్పించి ఈ పత్రికలోనే ప్రచురించాలని మన సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను.