పన్నెండేండ్ల కాపురానికి ముహూర్తం

పెండ్లి చేసుకోకుండా ఏండ్ల తరబడి ఒకే కప్పు కింద కాపురం చేసే జంటలు గచ్చిబౌలి చుట్టుపక్కలనే ఉంటాయని, నార్కట్‌పల్లి దాటి ఇటువైపు రావని నల్లగొండ పెద్దమనుషులు చాలాకాలం ధీమాగా ఉన్నారు. ఆ ధీమా ఇక చెల్లదు. పానగల్లు వైపు ఒక మేడ మీది పోర్షన్‌లో అలాంటి జంట ఒకటి పన్నెండేండ్లుగా, ఒక్క నెల అద్దె ఎగ్గొట్టకుండా ఉంటున్నది. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఒక స్కూటరున్నది, గొడవలు కూడా ఉన్నాయిగానీ గోడ అవతలికి వినపడేంతగా లేవు. విషయాన్ని అన్ని కోణాల నుంచీ ఆలోచించిన మీదట ఈ వ్యాసకర్త వచ్చిన నిర్ణయం ఏమిటంటే, వాళ్లకు తక్షణం పెండ్లి జరిగి తీరాలి. వాళ్ల కోసం కాదు, వాళ్లు బాగానే ఉన్నారు. మన కోసం జరగాలి.

ముందుగా బాధితుల సంగతి చూద్దాం. వీరిలో మొదటివారు ఆ ఇంటి యజమానురాలు. శ్రావణ శుక్రవారం నాడు ఆమె వరలక్ష్మీ వ్రతం చేసుకొని, కుంకుమ భరిణె పట్టుకొని వాడకట్టులోని ముత్తయిదువలను పేరంటానికి పిలుస్తూ మేడ మెట్లెక్కుతారు. చివరి మెట్టు దగ్గర కాలు ఆగిపోతుంది. బొట్టు పెట్టి పిలిస్తే శాస్త్రానికి కోపం, పిలవకపోతే పన్నెండేండ్లుగా తన బీపీ మాత్రలు తెచ్చిపెడుతున్న పిల్లకు కోపం. కిందటేడు ఆ సందిగ్ధం భరించలేక ఆమె నేరుగానే అడిగారు: "నీకు బొట్టు పెట్టాల్నా వద్దా బిడ్డా, నువ్వే చెప్పు." ఆ పిల్ల నుదురు ముందుకు పెట్టి, "పెట్టుండ్రి ఆంటీ, వాయినంల సెనగలు జర ఎక్కువేయుండ్రి" అన్నది. శాస్త్రాన్ని ఇంత తేలికగా తీసిపారేయడం ఏ సమాజానికీ మంచిది కాదు. సెనగలు ఎక్కువే వేశారన్నది వేరే విషయం.

రెండవ బాధితులం మనమందరం. మన ప్రాంతంలో ఏ లగ్గానికి వెళ్లినా ఫంక్షన్ హాల్లో కట్నాలు రాసే బల్ల ఒకటుంటుంది. దాని వెనుక లావు నోట్‌బుక్కుతో కూర్చున్న మనిషి, మీ పేరు, ఊరు, చదివించిన మొత్తం రాసుకొని గాని మిమ్మల్ని బంతి మీదికి పోనివ్వడు. ఈ జంట పన్నెండేండ్లుగా మన ఇండ్లలో జరిగిన ప్రతి పెండ్లికీ, గృహప్రవేశానికీ, చీరె కట్టించే ఫంక్షనుకూ వచ్చి ఐదు వందల పదహార్లకు తగ్గకుండా చదివించింది. ఆ బాకీ మనం తీర్చుకునేది ఎప్పుడు? వాళ్లు పెండ్లి చేసుకుంటే తప్ప వాళ్ల నోట్‌బుక్కులో మన పేరు ఎక్కదు. ఒక జిల్లాలోని ఇన్ని కుటుంబాలను శాశ్వతంగా రుణగ్రస్తులుగా ఉంచే హక్కు ఇద్దరు వ్యక్తులకు ఎవరిచ్చారు? ప్రభుత్వం సైతం ఈ మర్యాద పాటిస్తున్నది. 2014లో 51,000 రూపాయలతో మొదలైన కల్యాణలక్ష్మి సాయం తర్వాత పెరిగి 1,00,116 అయినప్పుడు, లక్ష దగ్గర ఆగకుండా ఆ నూటపదహారు ఎందుకు కలిపారో బడ్జెట్ చదివే ఆర్థికవేత్తలకు అర్థం కాకపోవచ్చు గాని, చదివింపులు తెలిసిన ఏ మేనమామకైనా అర్థమవుతుంది.

ఇక మతం పాత్ర. పెండ్లి పవిత్రమైన సంస్కారమని, దేవుడి సాక్షిగా జరగాలని ఈ జంటకు హితబోధ చేసేవారు జిల్లాలో తక్కువమంది లేరు. దేవుడి సాక్ష్యానికి వాళ్లు ఇచ్చే గౌరవం చూడాలంటే మాఘమాసంలో హైదరాబాదు రోడ్డు మీది ఏ ఫంక్షన్ హాలుకైనా వెళ్లాలి. ముహూర్తం పంచాంగం చూసి పెట్టినట్టే పత్రికలో ఉంటుంది, హాలు ఏ రోజు ఖాళీగా ఉన్నదో చూసి పెట్టినట్టు మేనేజరుకు తెలుసు. పంతులు గారు జీలకర్ర బెల్లం పెట్టించగానే ఫోటోగ్రాఫర్ చెయ్యెత్తి, "సార్, లైటు పడలే, ఇంకొక్కసారి పెట్టుండ్రి" అంటాడు, వేద విహితమైన సుముహూర్తం అలా రెండోసారి వస్తుంది. పుస్తె కట్టే సమయానికి గట్టిమేళం, డీజే ఏకమై పంతులు గారి మైకును మింగేస్తాయి. ఏడడుగులు నడిచే వేళకు పందిట్లో మిగిలేది వధూవరులు, పంతులు గారు, కెమెరా అతను, కుర్చీలో కునుకు తీస్తున్న ఒక ముసలి తాత. పవిత్ర సంస్కారానికి సాక్షులుగా వచ్చిన మిగతా ఆరువందల మంది మటన్ ముక్కలు అయిపోకముందే చేరుకోవాలని డైనింగ్ హాలు తలుపు దగ్గర తోసుకుంటుంటారు.

ఈ ఏడడుగులు అంత చిన్న సంగతేమీ కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడవ సెక్షన్ ప్రకారం, ఆచారంలో సప్తపది ఉన్న చోట ఏడవ అడుగు పడినప్పుడే పెండ్లి పూర్తయినట్టు లెక్క. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పెండ్లంటే ఆటపాటలు, విందు భోజనాలు కాదని, తంతు జరగకుండా తెచ్చుకున్న రిజిస్ట్రేషన్ కాగితం హిందూ వివాహం కాజాలదని కుండబద్దలు కొట్టింది. అడుగుల కన్నా ఆల్బమ్ ముఖ్యమనుకొని నాలుగు అడుగుల దగ్గరే స్టేజీ దిగి ఫోటోలకు నిలబడిన దంపతులు ఆ మేడ మీది పిల్లలను విమర్శించే ముందు తమ పెండ్లి వీడియోను ఒకసారి చివరిదాకా చూసుకోవడం క్షేమకరం.

అదే న్యాయస్థానం 1978లో వేరొక కేసులో, సుమారు యాభై ఏండ్లు భార్యాభర్తల్లా బతికిన ఇద్దరిని చూపించి వీళ్లకు పెండ్లి కాలేదని వాదించినవారిని మందలించింది. అంతకాలం కలిసి బతికితే పెండ్లయినట్టే భావించాలని, అర్ధ శతాబ్దం తర్వాత పెండ్లి చేయించిన పురోహితుణ్ని, చూసిన సాక్షులను పట్టుకురమ్మంటే ఏ జంట మాత్రం తేగలదని అన్నది. ఆ లెక్కన మన జంటకు పన్నెండేండ్లు గడిచాయి, ముప్పయి ఎనిమిది మిగిలాయి. పంతులు, ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, బరాత్ గుర్రం ఏ ఖర్చూ లేకుండా, కేవలం ఒకరినొకరు భరించడం ద్వారా పెండ్లి సంపాదించే ఈ మార్గం చవకైనదే గాని, మనకు భోజనం లేదు కనుక ఈ వ్యాసకర్త దీనిని సిఫారసు చేయలేడు.

మతం ప్రమేయం లేకుండా కూడా ఒక దారి ఉన్నది. బ్రిటిష్ ఇండియాలో 1872లో వచ్చిన చట్టం కింద పెండ్లాడాలంటే, తాము హిందువులం కాదు, ముసల్మానులం కాదు, క్రైస్తవులం కాదు అంటూ ఇద్దరూ వరుసగా అన్ని మతాలనూ కాదని రాసివ్వవలసి వచ్చేది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం అంత కఠినం కాదు, ఎవరి మతం వారి దగ్గరే ఉండనిచ్చి, ముప్పయి రోజుల నోటీసు మాత్రం అడుగుతుంది. ఆ నోటీసును కార్యాలయంలో నలుగురికీ కనిపించే చోట అంటిస్తారు. అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు. వయసు చాలకపోవడం, అప్పటికే పెండ్లయి ఉండటం వంటి కారణాలే చెల్లుతాయి గాని, మతం వేరని, కులం వేరని చెబితే చెల్లదు. చెల్లకపోయినా, నోటీసు చదివినవాడికి ఇంటి చిరునామా తెలుస్తుంది.

ఇక్కడ ఈ వ్యాసకర్త గొంతు కొంచెం తడబడుతుంది. ఆ అమ్మాయిది ఏటా పోచమ్మకు బోనం తీసే ఇల్లు, అబ్బాయిది ఆదివారం చర్చికి వెళ్లే ఇల్లు, కులం సంగతి చెప్పనక్కరలేదు. పన్నెండేండ్ల కిందట వాళ్లు పెండ్లి చేసుకుంటామనే వచ్చారు. అప్పుడు వద్దన్నవారూ, ఇప్పుడు ఎందుకు చేసుకోరని నిలదీస్తున్నవారూ ఒక్కరే. ఈ జిల్లాలోనే, మిర్యాలగూడలో, 2018 సెప్టెంబరులో ఒక యువకుణ్ని ఆసుపత్రి ముందు గర్భవతి అయిన భార్య పక్కన నడుస్తుండగా నరికి చంపారు. వాళ్లు ఊరికే కలిసి ఉన్నవారు కాదు, పద్ధతిగా పెండ్లి చేసుకున్నవారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పెండ్లి చేసుకోకపోతే సమాజం ఏమవుతుందోనని మథనపడేవారు, చేసుకుంటే సమాజం ఏం చేసిందో అన్నదానికి జవాబు చెప్పకుండా మాట మారుస్తారు. మేడ మీది జంట మాత్రం ఆ హత్య జరిగిన ఏడాది నుంచి పెండ్లి ఊసు ఎత్తలేదు.

మన తాతల కాలంలో అనేక కులాల్లో మారుమనువులు జరిగేవి. కొత్త చీర, కులపెద్దలు, నాలుగు కల్లు ముంతలు ఉంటే చాలు, మంత్రం వినిపించేది కాదు. ఆ మనువుల సంతానమే నేడు సంస్కారం, సంప్రదాయం అని సభల్లో మాట్లాడుతున్నది. అయినా సంప్రదాయం పక్షాన బలమైన వాదన ఒకటి మిగిలి ఉన్నది. యాదగిరిగుట్టలో లక్ష్మీనరసింహస్వామికి నిత్యకల్యాణం జరుగుతుంది. పెండ్లయిన దేవుడే రోజూ మళ్లీ చేసుకుంటుంటే, వీళ్లకు ఒక్కసారి చేసుకోవడానికి ఏం బరువని ఇంటి యజమానురాలు అడిగారు. "ఆయన లగ్గానికి టికెట్లు భక్తులు కొంటరు ఆంటీ" అన్నాడు ఆ అబ్బాయి.

ఈ ధోరణిని ఇక ఉపేక్షించకూడదని వాడకట్టు పెద్దలు నలుగురు కలిసి పంతులు గారి దగ్గరికి వెళ్లి, వీలైనంత తొందరగా ఒక మంచి ముహూర్తం చూడమని కోరారు. ఆయన ఇద్దరి పేర్లు అడిగారు, మతాలు అడగలేదు. పంచాంగం తిరగేసి, శుక్ర మౌఢ్యం నడుస్తున్నదని, అది విడిచేసరికి శూన్యమాసం వస్తుందని, ఇప్పట్లో లగ్గాలు లేవని చెప్పారు. మరి అప్పటిదాకా వాళ్లనేం చేయమంటారని పెద్దలు ఆందోళనగా అడిగితే, ఆయన పంచాంగం మూస్తూ, "ఇప్పుడెట్లున్నరో అట్లనే ఉండుమనుండ్రి" అన్నారు.