మూలన కూర్చున్న పెద్దమనిషి

కంప్యూటర్ తెర మీద కుడిచేతి వైపు, కింద మూలన ఒక పెద్దమనిషి కూర్చుని ఉంటాడు. విండోస్ 95తో పాటు 1995లో వచ్చి కూర్చున్నవాడు ఇంతవరకు లేవలేదు. అడక్కుండానే టైమ్ చెప్తాడు. చూస్తాం, తల ఊపుతాం. ఆ వెంటనే ఎవరైనా "టైమెంతైంది?" అంటే మళ్ళీ ఆ మూలకే చూస్తాం. ఇంత నిరర్థకంగా సాగుతున్న సేవను బాగుచేయాలని మొన్న ఆదివారం నేను కంకణం కట్టుకున్నాను.

మొదటి సంస్కరణ, సెకన్లు. దీనికి కొంత చరిత్ర ఉంది. విండోస్ 95 తయారీలో ఉన్నప్పుడు ఈ గడియారంలో గంటలకీ నిమిషాలకీ మధ్య ఉండే రెండు చుక్కలు కన్ను కొడుతూ ఉండేవట. ఆ కాలపు కంప్యూటర్‌కి 4 ఎంబీ మెమరీ ఉంటే చాలు. చుక్కలు కన్ను కొట్టడానికి కావలసిన సరంజామా అంతా ఎప్పుడూ ఆ మెమరీలోనే కూర్చుంటోందని, మిగతా పనులు నెమ్మదిస్తున్నాయని, విడుదలకు ముందే ఆ సరదా తీసేశారు. సెకన్లకూ అదే గతి పట్టింది. ఇప్పుడు 16 జీబీ మెమరీ మామూలైపోయింది, అంటే నాలుగు వేల రెట్లు. అయినా 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు అందులో సెకన్లు లేవు. 2023లో దయతలచి ఇచ్చారు కానీ, ఆ సెట్టింగ్ పక్కనే "ఎక్కువ పవర్ వాడుతుంది" అని ఒక హెచ్చరిక తగిలించారు. తెరిచి మర్చిపోయిన నలభై ట్యాబ్‌లకీ, వాటిలో ఎక్కడో తనంతట తనే మోగే ప్రకటనకీ ఇలాంటి హెచ్చరిక లేదు. దుబారా అంతా సెకన్ల దగ్గరే ఉందన్నమాట.

ఖర్చుకి వెనుకాడకుండా ఆన్ చేశాను.

సరిగ్గా పదింటికి పని మొదలుపెడదామని కూర్చున్నాను. చూస్తూండగానే 10:00:03 అయింది. ఇదివరకైతే పది అంటే నిమిషం పొడవునా పదే. ఇప్పుడు మూడు సెకన్ల ఆలస్యం కళ్ళెదుటే కనబడుతోంటే ఏ ముఖం పెట్టుకుని మొదలుపెట్టను? పదింపావుకి వాయిదా వేశాను. 10:14:50 నుంచి ఊపిరి బిగబట్టి చూశాను. సరిగ్గా 10:15:00కి తుమ్ము వచ్చింది. ఆ రోజు మొత్తం ఇలాగే, అత్యంత కచ్చితంగా గడిచింది.

అసలు ఈ కచ్చితత్వం వెనక జరిగే తతంగం తలుచుకుంటే జాలేస్తుంది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. వేడికీ చలికీ దాని లెక్క తప్పుతుంది కాబట్టి కంప్యూటర్ అప్పుడప్పుడూ ఇంటర్నెట్‌లో ఒక సర్వర్‌ని టైమ్ అడుగుతుంది. అది ఇంకో సర్వర్‌ని అడుగుతుంది. అలా వెళ్ళివెళ్ళి ఈ ఆరా అణుగడియారం దాకా చేరుతుంది. ఈ అడిగే మర్యాద పేరు ఎన్‌టీపీ. దీన్ని రూపొందించిన డేవిడ్ మిల్స్ 1985లోనే ప్రమాణంగా రాసిపెట్టారు. ఇంత కొండ తవ్వి పట్టుకొచ్చిన ఎలుక "3:47". దాన్ని చూసి మనం అనేది రెండే మాటలు: పని మిగిలుంటే "అప్పుడేనా!", మీటింగ్‌లో ఉంటే "ఇంకానా!"

అందుకని నా రెండో సంస్కరణ. అంకెలు పూర్తిగా తీసేసి ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి చూపిస్తే చాలు. నవ్వకండి. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి కేడీఈ అనే డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్ళు ఈ దారిలో ఎప్పుడో నడిచారు. వాళ్ళ "ఫజీ క్లాక్" టైమ్‌ని ఉజ్జాయింపుగా మాటల్లో చెప్తుంది. ఆ ఉజ్జాయింపుని పెంచుతూ పోతే చివరికి "వారం మధ్యలో ఉన్నాం" అని ఊరుకుంటుంది. మనిషి మనసెరిగిన యంత్రం అంటే అదీ. మ్యాక్ వాళ్ళది ఇంకో ధోరణి. పైన మెనూ బార్‌లో గడియారాన్ని కావాలంటే చిన్న ముళ్ళ గడియారంగా మార్చుకోనిస్తారు, బిగ్ సర్ అనే వెర్షన్ నుంచి పూర్తిగా తీసేయడానికి మాత్రం ఒప్పుకోరు. అడిగితే గంటగంటకీ టైమ్ పైకి చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని ఎవరు ఆన్ చేసుకుంటారో నాకు ఊహకందదు.

మూడో సంస్కరణ నేను చేయక్కర్లేదు, దానంతట అదే రాబోతోంది. పాత పద్ధతిలో, 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి 32 బిట్లలో దాచుకునే గడియారాలకు 2038 జనవరి 19న, విశ్వ సమయం ప్రకారం 3:14:07 దాటగానే చోటు చాలదు. మరు సెకనుకే లెక్క తిరగబడి అవి 1901 డిసెంబర్‌కి వెళ్ళిపోతాయి. నా పెండింగ్ పనులన్నిటికీ ఒక్క దెబ్బతో 136 ఏళ్ళ గడువు! ఏ మేనేజరూ ఇంత ఉదారంగా ఇవ్వడు. అలాంటిదాన్ని పట్టుకుని బగ్ అంటున్నారు. పైగా 64 బిట్లకి మార్చి ముందుగానే సరిచేసేస్తున్నారు కూడా. నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది.